కడుపులోని కబురు

ఆత్మకూరు,
6 జూలై 1997.

ప్రియమైన సుకన్యకు,

ఇది నీకు నచ్చే సంగతి కాదు. అయినా బస్టాండులో ఎవరి నోటనో వినేకంటే నా చేతిరాతలో తెలియడం మేలనిపించి రాస్తున్నాను. మద్రాసులో నీతో పనిచేసిన పెంచలప్రసాద్ మా నర్సింగ్ హోముకు వచ్చాడు.

కారులో వచ్చాడు. వెంట హైదరాబాదు మందుల కంపెనీ వాళ్ళు ఇద్దరు. మా జనార్దనయ్య డాక్టరు గారు ఓపీ ఆపేసి నర్సుల్నీ ఆయాల్నీ కాంపౌండర్నీ పైహాల్లో కూర్చోబెట్టారు. ప్రసాద్ చాలాసేపు మాట్లాడాడు. కడుపులో పుండు కారం తిన్నందుకో, దిగులు పెట్టుకున్నందుకో రాదట. కడుపు పొరలో కాపురముండే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందట. దానికి నోట్లో వేసుకునే చుక్కల టీకా తను కనిపెట్టాడట. ఎలుకల మీద పరీక్షలు అయిపోయాయి, మనుషులకు మొదటిసారి ఇచ్చేది తన సొంత ఊళ్ళోనే కావాలని కంపెనీని ఒప్పించి తెచ్చాడట. "నాలుగేండ్లు కష్టపడినాను దీని కోసం," అన్నాడు. డాక్టరు గారు దండ వేశారు, ఫోటో తీశారు.

ఆ నాలుగేళ్ళూ నువ్వు మద్రాసులో ఉన్న నాలుగేళ్ళే కదా. ఊరికి కూడా రాకుండా ఎలుకల గదిలోనే ఉంటావని మీ అమ్మ నా దగ్గర ఎంత మొత్తుకునేదో నాకు తెలుసు.

కాఫీలు ఇస్తుంటే నాది ఉదయగిరి అని ఎవరో చెప్పారు. ప్రసాద్ నవ్వి, "మీ ఊరమ్మాయి ఒకామె మా ల్యాబులో ఉన్నింది. ఎలుకల్ని బాగా చూసుకొనేది," అన్నాడు. నా చేతిలో ట్రే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

మద్రాసు ఎందుకు వదిలి వచ్చేశావని ఇన్నాళ్ళూ నిన్ను అడగలేదు. చెప్పబుద్ధి అయితే నువ్వే చెబుతావనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను.

మా ఆయన, పాప బాగున్నారు. నా కడుపు మంట ఎప్పటిలాగే ఉంది. మజ్జిగతో నెట్టుకొస్తున్నాను.

నీ
జెస్సీ

*

ఉదయగిరి,
14 జూలై 1997.

జెస్సీ,

నీ ఉత్తరం కాలేజీ స్టాఫ్ రూములో చదివాను. ఆ వెంటనే ఇంటర్ పిల్లలకు కప్ప గుండె పాఠం చెప్పాలి. చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మా నాయన దినాలకు ప్రసాద్ మద్రాసు నుంచి వచ్చాడు. అంత దూరం నుంచి వచ్చాడని మా అమ్మ పొంగిపోయింది. పక్కన కూర్చుని ఆమెను ఓదార్చాడు, భోజనం చేశాడు. చేయి కడుక్కుని వచ్చి నన్ను పందిరి గుంజ దగ్గరికి పిలిచి, "సుకన్యా, డీప్ ఫ్రీజర్ తాళంచెవి యాడ పెట్టినావు? శాంపిళ్ళు చెడిపోతాయి," అన్నాడు. లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చాను. నా పని పాడు కాకుండా చూడడానికి వచ్చాడనుకున్నాను, జెస్సీ. చేతులు పట్టుకుని థాంక్స్ కూడా చెప్పాను.

కొన్ని నెలల తరువాత నేను తిరిగి వెళ్ళేసరికి నా పరిశోధన పేపరుగా అచ్చయి ఉంది. పైన రెండు పేర్లు, వాడిదీ మా గైడుదీ. చివర చిన్న అక్షరాల్లో, ఎలుకల పోషణలో సాయపడినందుకు కుమారి సుకన్యకు కృతజ్ఞతలు. గైడు దగ్గరికి వెళ్ళి నిలబడితే, "అచ్చయిపోయింది కదమ్మా, తరువాతి దాంట్లో చూద్దాం," అన్నాడు. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను.

అందులో ఏముందో నీకు చెప్పాలి. నర్సువి, నీకు అర్థమవుతుంది. టీకా వేస్తే రక్తంలో యాంటీబాడీలు పుడతాయని, అవే సూక్ష్మజీవిని అణుస్తాయని అందరూ అనుకుంటారు. కడుపులో అలా జరగదు. మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు కూడా అణువులే. గామా ఇంటర్‌ఫెరాన్ ఒకటి, ఇంటర్‌ల్యూకిన్ ఫోర్ ఒకటి, ఇంకా చాలా ఉన్నాయి. ఏ కబురు అందితే ఆ పని చేస్తుంది శరీరం. టీకా తాగించిన ఎలుకల్లో కొన్నింటికి గామా ఇంటర్‌ఫెరాన్‌ను అడ్డుకునే మందు ఎక్కించాను. వాటి రక్తం నిండా యాంటీబాడీలు ఉన్నాయి, కడుపులో సూక్ష్మజీవి మాత్రం దర్జాగా ఉంది. ఆ ఒక్క కబురు అందకపోతే టీకా తాగినా తాగనట్టే. దీన్ని చూసింది నేను. వాడు ఆ ఎలుకల గదిలోకి వచ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు.

వాడిని కొట్టాలని, తిట్టాలని లేదు. వాడు నిక్షేపంగా బతికి ఉండగా వాడి పేరు చావాలి. అది నేను చూడాలి. దానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. ఏమిటని అడగవద్దు, సమయం వచ్చినప్పుడు చెబుతాను. అక్కడ ఏం జరిగినా నాకు రాస్తూ ఉండు. నాకున్న కళ్ళు నీవే.

సుకన్య

*

ఆత్మకూరు,
10 ఆగస్టు 1997.

ప్రియమైన సుకన్యకు,

నీ ఉత్తరం మా ఆయనకు కూడా చూపించలేదు. ప్రార్థన చేసుకుందామని కూర్చున్నాను, ఆ పందిరి గుంజే కళ్ళ ముందుకు వచ్చింది. ప్రసాద్ ఎదురుపడితే ఇప్పుడు నమస్కారం పెట్టడం మానేశాను.

ఇక్కడ సంగతులు. కంపెనీ నుంచి ఐసు డబ్బాల్లో మందు దిగింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు కావాలని డాక్టరు గారు మార్కెట్లోనూ ఆఫీసుల్లోనూ చెప్పించారు. ఒక్కరూ రాలేదు. ఎలుకలకు పోసింది మాకు పోస్తారా అని మొహం మీదే అంటున్నారు. అందుకని ముందు మన స్టాఫ్ తీసుకుంటే ఊరికి నమ్మకం కలుగుతుందని డాక్టరు గారు మీటింగు పెట్టారు. బలవంతం ఏమీ లేదన్నారు.

మా ఆయా శీనమ్మ నీకు తెలుసు, పాప పుట్టినప్పుడు నువ్వు వస్తే నీకు తలంటి పోసింది. ఆమె నా కొంగు పట్టుకుని, "ఏమ్మే జెస్సమ్మా, ఆ మందు మంచిదేనా? నువ్వు చెప్తే తాగుతా," అంది. మిగతా వాళ్ళు కూడా నా మొహమే చూస్తున్నారు.

నేనేం చెప్పాలో నువ్వు చెప్పు. పేరు ఎవరు పెట్టుకున్నా మందు చేసిన దానివి నువ్వు. మనుషులు తాగదగినదేనా? తిరుగు టపాలో రాయి.

నీ
జెస్సీ

*

ఉదయగిరి,
17 ఆగస్టు 1997.

జెస్సీ,

టీకా తాగిన ఎలుకల కడుపులో సూక్ష్మజీవి నిలవలేదు. ఒకటికి పదిసార్లు చూశాను. మందు నాది, దొంగతనం వాడిది. రెండింటినీ కలపవద్దు.

వాడిని మొదలుపెట్టనీ. ఎవరూ అడ్డం పడవద్దు, ముఖ్యంగా నువ్వు. నీ మొహంలో ఏమీ కనపడనివ్వకు, నమస్కారం కూడా మానేయకు. వాడు ఎంత ఎత్తు ఎక్కితే నాకు అంత మంచిది. కంపెనీ వాళ్ళు ఎవరు, ఏ కాగితాల మీద సంతకాలు పెట్టాడు, సభ ఏమైనా చేస్తారా, ఇవి కనుక్కో.

ఇక్కడ వానలు లేవు. మధ్యాహ్నం పూట కొండ బండలు కాగి ఊరంతా పొయ్యి మీద ఉన్నట్టుంది. అమ్మ నిన్ను అడిగింది.

సుకన్య

*

ఆత్మకూరు,
21 సెప్టెంబరు 1997.

ప్రియమైన సుకన్యకు,

మొదలైంది. వారానికొకసారి చుక్కలు. ముందు స్టాఫ్, వాళ్ళను చూసి ఊళ్ళో వాళ్ళు కొందరు ధైర్యం చేశారు. మందు ఉప్పగా ఉంటుంది, మింగాక నాలుక మీద సబ్బు రుచి చాలాసేపు పోదు. ప్రసాద్ ప్రతి వారం హైదరాబాదు నుంచి వచ్చి రక్తం తీయించుకుని పోతున్నాడు. యాంటీబాడీలు బ్రహ్మాండంగా పుట్టాయని డాక్టరు గారితో చెబుతుంటే విన్నాను.

సభ నవంబరులో. కల్యాణ మంటపం మాట్లాడారు. కంపెనీ పెద్దలు, పేపరు వాళ్ళు వస్తారు. ఇక్కడ పుట్టిన బిడ్డ అని ఊరు సన్మానం చేస్తుందట. కాగితాలన్నింటి మీదా ముఖ్య పరిశోధకుడు అని వాడి సంతకమే ఉంది.

ఈ మధ్య నాకు అంతగా బాగుండడం లేదు. డ్యూటీలు ఎక్కువై అనుకుంటాను. ఇంతకంటే రాయలేను.

జెస్సీ

*

ఉదయగిరి,
12 అక్టోబరు 1997.

జెస్సీ,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఆకలి పుడుతోంది. రెండేళ్ళ తర్వాత అన్నం రుచి తెలిసింది. అమ్మ ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను.

ఇప్పుడు చెబుతాను. పేపరు అచ్చయ్యాక నేను పెట్టె సర్దుకున్నానని రాశాను కదా. బట్టల కింద ఒక చెక్కపెట్టె కూడా ఉంది. అందులో గాజు స్లైడ్లు. నా ఎలుకల కడుపు పొరలు, పల్చగా కోసి, రంగు వేసి, నా చేత్తో లేబుళ్ళు అంటించినవి. టీకా పనిచేసిన ఎలుకలవే అవి. సూక్ష్మజీవి పోయింది, నిజం. కడుపు పొర మాత్రం వాచిపోయి ఉంది. కణాలు గుంపులు గుంపులుగా వచ్చి పడి పొరను తినేస్తున్నాయి. ఆ గామా కబురు అందితే టీకా పనిచేస్తుందని చెప్పానే, ఆ కబురే ఈ వాపును కూడా పిలుచుకొస్తోంది. ఒంట్లో అప్పటికే సూక్ష్మజీవి ఉన్న ఎలుకకు టీకా తాగిస్తే మరీ ఎక్కువ. మన ఊళ్ళల్లో ఆ సూక్ష్మజీవి లేని మనిషి ఎంతమంది ఉంటారు?

అప్పట్లోనే వాడికి చూపించాను. మైక్రోస్కోపులోకి ఒక్కసారి వంగి చూసి, "రంగు ఎక్కువ పడినట్టుండాది. నీ చేతిపని సరిగా లేదు," అన్నాడు. పేపర్లో దీని ముచ్చటే లేదు.

జూలైలోనే ఎందుకు చెప్పలేదని అడుగుతావేమో. చెప్పి ఉంటే ఏమయ్యేది? మళ్ళీ రంగు ఎక్కువైందనేవాడు. లేదా పనిని గుట్టుగా ఆపేసి, ఇంకో మందు చేసుకుని, ఇంకో దండ వేయించుకునేవాడు. ఇప్పుడు అలా కుదరదు. తన సంతకంతో మనుషులకు తాగించాడు. సభ మధ్యలో నేను లేచి, ఈ స్లైడ్లు వాడికి రెండేళ్ళ కింద చూపించానని చెబుతాను. కంపెనీ వాళ్ళు తలలు తిప్పుకోవాలి. ప్రసాద్ వాళ్ళ నాయన మొదటి వరసలో కూర్చుని వినాలి.

పెట్టెను ఉదయగిరి బస్సు డ్రైవరు దస్తగిరి చేత పంపుతున్నాను. నా చేతిలో ఉంటే గుమ్మం దగ్గరే పట్టుకుంటారు. నీ దగ్గర దాచు. సభ రోజు మీ ల్యాబు మైక్రోస్కోపుతో సహా మంటపానికి తీసుకురా. జాగ్రత్త, నా బతుకంతా ఆ పెట్టెలోనే ఉంది.

సుకన్య

*

ఆత్మకూరు,
19 అక్టోబరు 1997.

సుకన్యకు,

పెట్టె చేరింది. ఒక్కటీ పగలలేదు. సభ నవంబరు తొమ్మిది, ఆదివారం. ఆడవాళ్ళ వరసలు ఎడమ చేతి వైపు. రా.

జెస్సీ

*

ఉదయగిరి,
10 నవంబరు 1997.

జెస్సీ,

నిన్న ఏం జరిగిందో నాకు చెప్పు. బస్సులో వచ్చిన దారంతా ఆలోచించాను, నాకు అర్థం కాలేదు.

నువ్వు చెప్పినట్టే ఎడమ వైపు కూర్చున్నాను. వేదిక పక్కన శాలువా పళ్ళెం పట్టుకుని నువ్వు నిలబడి ఉన్నావు. సన్నబడిపోయావు, గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. నావైపు చూడలేదు. జనంలో చూడకూడదని అనుకున్నావేమో అనుకున్నాను.

వాడు మైకు ముందుకు వచ్చాడు. వెనక గోడ మీద ప్రొజెక్టరు బొమ్మ వేశారు. నా స్లైడు, జెస్సీ. నేను కోసిన కడుపు, నేను వేసిన రంగు. మా అమ్మ మొహమైనా మరిచిపోతానేమో గాని వాటిని మరిచిపోను. "నా పాత స్లైడ్లను మళ్ళా తీసి చూసినాను. టీకా మంచి చేస్తానే చెడు కూడా చేస్తా ఉండాది. నా పేరు పోయినా పరవాలేదు, నా ఊరి మనుషులకు హాని జరగకూడదు. అందుకే నేనే దీన్ని ఆపేస్తా ఉండాను," అన్నాడు. మంటపమంతా లేచి చప్పట్లు కొట్టింది. వాళ్ళ నాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. కంపెనీ మనిషి వచ్చి వాటేసుకుని, నిజాయితీ అంటే ఇదీ అన్నాడు.

నేను లేచాను. అవి నావి అని అరిచాను. పక్కనున్న ముసలామె కూర్చోమని చెయ్యి లాగింది. వాడు నన్ను చూశాడు. కంగారు పడలేదు. మైకులోనే, "ఆమె మా ల్యాబులో పనిచేసిన అమ్మాయే. ఇంత దూరం వచ్చినందుకు సంతోషం," అన్నాడు. జనం నా వైపు తిరిగి నాకు కూడా చప్పట్లు కొట్టారు.

వాళ్ళతో పాటు నువ్వు కూడా కొట్టావు. నేను చూశాను.

ఆ స్లైడ్లు వాడి చేతికి ఎవరిచ్చారు? నీ దగ్గర దొంగతనం జరిగిందా? డాక్టరు లాక్కున్నాడా? ఎవరో చెప్పు, వాళ్ళ సంగతి కూడా చూస్తాను.

సుకన్య

*

ఆత్మకూరు,
16 నవంబరు 1997.

సుకన్య గారికి,

స్లైడ్లు నేనే ఇచ్చాను.

ఆగస్టులో మీ జవాబు వచ్చిన మరునాడు మా నర్సింగ్ హోములో మొదటి చుక్కలు నేను మింగాను. అందరి ముందూ మింగి, "నా స్నేహితురాలు నమ్మకంగా చెప్పింది, ఏం భయం లేదు," అన్నాను. నా వెనకే శీనమ్మ నోరు తెరిచింది. కడుపు మంటతో ఎన్నాళ్ళ నుంచి వేగుతున్నానో మీకు తెలుసు. ఆ మంట పోతుందనుకున్నాను, మీ చేతి మందుతో పోతుందనుకున్నాను.

నేను తాగబోతున్నానని మీకు రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందనుకోలేదు. ఎవరి కోసం అడిగినా మీరు నిజమే చెబుతారనుకున్నాను.

మూడో విడత నుంచి తిన్నది నిలవలేదు. మంచినీళ్ళు తాగినా కడుపులో నిప్పు పెట్టినట్టు ఉండేది. నేనేమో డ్యూటీలు ఎక్కువై అనుకున్నాను. శీనమ్మ నాకు కూడా చెప్పకుండా నొప్పి బిళ్ళలు మింగుతూ బకెట్లు మోసింది. ఒక పొద్దున వార్డు తుడుస్తూ నేల మీద నెత్తురు కక్కుకుంది. చీపురు వదల్లేదు, తను కక్కింది తనే తుడవబోయింది. నెల్లూరుకు తీసుకుపోయాం. రక్తం ఎక్కిస్తే నిలబడింది. అక్కడ మా ఇద్దరికీ గొట్టం వేసి కడుపు చూశారు, బిళ్ళల వల్లనో పాత పుండు వల్లనో అన్నారు, చుక్కలను ఎవరూ అనుమానించలేదు. వాళ్ళ కొడుకు నా దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్తేనే తాగింది మా అమ్మ," అని ఒక్క మాట అని పోయాడు.

మీ అక్టోబరు ఉత్తరం వచ్చిన రోజు నేను మా వార్డులోనే మంచం మీద ఉన్నాను, చేతికి సెలైను. మా ఆయన ఉత్తరం విప్పి ఇచ్చాడు. అన్నం రుచి తెలిసిందని రాశారు. ఆ ముక్క దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. జూలైలో తెలుసు మీకు. ఆగస్టులో నేను అడిగినప్పుడు తెలుసు. వాడిని ఎత్తు ఎక్కించడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు ఎవరైనా మీకు ఒకటే.

పెట్టె వచ్చాక రెండు దారులు కనపడ్డాయి. మీరు చెప్పినట్టు సభ దాకా ఆగడం ఒకటి. అప్పటికి ఊళ్ళో వాళ్ళకు ఇంకా రెండు మూడు విడతలు పడి ఉండేవి. ఇంకొకటి, ఆ పెట్టెను వెంటనే డాక్టరు గారి బల్ల మీద పెట్టడం. అది ఎలాగూ చేసేదాన్నే. మీ పేరు చెప్పి పెట్టాలా వద్దా అన్నదొక్కటే ఆలోచించాను.

సెలైను తీశాక ల్యాబులో తలుపు వేసుకుని కిడ్నీ ట్రేలో గోరువెచ్చని నీళ్ళు పోసి స్లైడ్లను నానబెట్టాను. లేబుళ్ళు ఒక్కొక్కటే ఊడి తేలాయి. మీ చేతిరాత నాకు హైస్కూలు నుంచి తెలుసు. వాటిని ముద్ద చేసి డ్రెస్సింగు చెత్తతో పాటు కాల్చేశాను. గాజును గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దాను.

డాక్టరు గారు చూసి ఆ గంటలోనే చుక్కలు ఆపేశారు. ప్రసాద్‌ను పిలిపించారు. వాడు మైక్రోస్కోపులోకి చూసి చాలాసేపు తల ఎత్తలేదు. లేబుళ్ళు ఉండే చోట వేలితో తడిమి చూసి, అప్పుడు, "ఇవి నావే. మద్రాసులో పోయినాయి అనుకొంటి," అన్నాడు. డాక్టరు గారు నా వైపు తిరిగి, "యాడివి జెస్సీ ఇవి?" అన్నారు. మీ పేరు నా నోటి దాకా వచ్చింది. శీనమ్మ ఇంకా నెల్లూరు ఆసుపత్రిలోనే ఉంది, మూలనున్న ఆమె చీపురు వైపు చూశాను. "నాకు తెలియదు సార్, స్టోర్లో ఉన్నింది పెట్టె," అన్నాను.

సభకు మిమ్మల్ని రమ్మన్నది అందుకే. వాడు మీ దగ్గర తీసుకున్నది మీ వెనక తీసుకున్నాడు. నేను మీ కళ్ళ ముందు తీయాలనుకున్నాను. చప్పట్లు కొట్టేటప్పుడు నా కడుపు నొప్పి పెడుతూనే ఉంది, అయినా కొట్టాను.

ఎవరి సంగతో చూస్తానన్నారు. చూడండి.

ఎన్. జెస్సీ
స్టాఫ్ నర్సు

*

ఉదయగిరి,
7 డిసెంబరు 1997.

జెస్సీ,

ఇది ఎన్నో ఉత్తరమో నాకే తెలియదు. మిగతావన్నీ చించేశాను. వాటిలో నిన్ను తిట్టినవి ఉన్నాయి, ఏడ్చినవి ఉన్నాయి. రెండూ నీకు అక్కర్లేదు.

ముందు కావాల్సినది రాస్తాను. నొప్పి బిళ్ళలు నువ్వు గాని శీనమ్మ గాని ముట్టవద్దు, తలనొప్పికి కూడా. నెల్లూరు డాక్టరుతో చెప్పి మూడు మందుల కోర్సు మొదలుపెట్టండి, రెండు యాంటీబయాటిక్స్, ఒకటి ఆమ్లం తగ్గించేది. లోపలున్న సూక్ష్మజీవి పూర్తిగా పోతే ఆ కబురు పుట్టడానికి కారణం ఉండదు. కబురు ఆగితే వాపు తగ్గాలి. తగ్గాలి అనే రాస్తున్నాను, తగ్గుతుంది అని కాదు. నాకు తెలియదు. నా ఎలుకల్ని ఇంకొన్ని నెలలు చూసి ఉంటే తెలిసేది. అవి అక్కడ ఉండగానే నేను వచ్చేశాను. ఈసారి తెలిసినదీ తెలియనిదీ రెండూ రాశాను.

ఆ మందులే ఈ పార్సిల్లో పంపుతున్నాను. నీకు వద్దనిపిస్తే శీనమ్మకైనా ఇవ్వు.

ప్రసాద్ చేసినదానికి పళ్ళు నూరుతూ ఇన్నాళ్ళు బతికాను. వాడికి నా చేతిరాత ఎలా ఉంటుందో కూడా తెలియదు. నీకు తెలుసు, తెలిసే నీళ్ళు పోశావు. ఇంత బాగా ఎవరూ నన్ను కొట్టలేరు. నీ మీద కక్ష పెట్టుకుందామని రోజూ కూర్చుంటున్నాను. మొదలుపెట్టగానే ఆగస్టు పదిహేడు నాటి నా ఉత్తరం గుర్తొస్తుంది, అక్కడే ఆగిపోతున్నాను.

వచ్చే ఆదివారం ఆత్మకూరు వస్తాను. నువ్వు ఏమన్నా అను, అనకపో. నిన్ను ఒకసారి చూడాలి.

సుకన్య

*

ఆత్మకూరు,
29 మార్చి 1998.

సుకన్య గారికి,

మీరు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మా ఆయన చర్చికి పోయాడని, నేను ఊళ్ళో లేనని పక్కింటామె చెప్పింది నా మాట మీదే. కిటికీ పక్కన నిలబడి చూశాను. ఎండలో అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. రెండుసార్లు తలుపు గడియ మీద చెయ్యి పెట్టాను. తీయబుద్ధి కాలేదు. ఆ తరువాత కూడా తీసి ఉండాల్సిందని నాకు అనిపించలేదు.

మందులు మేమిద్దరం వాడాం. శీనమ్మకు ఎవరు పంపారో చెప్పలేదు.

పోయిన వారం నెల్లూరులో ఇద్దరికీ మళ్ళీ గొట్టం వేసి చూశారు. కడుపు లోపలి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. సూక్ష్మజీవి లేదు. అక్టోబరులో ఎర్రగా పుండు పుండుగా ఉన్న పొర ఇప్పుడు దాదాపు మామూలుగా ఉందన్నారు. మొన్న శీనమ్మ గోంగూర పచ్చడితో అన్నం తిన్నది, ఏమీ కాలేదు. నేను ఇంకా మెత్తటి అన్నమే తింటున్నాను, కానీ నిలుస్తోంది.

వాపు తగ్గుతుందో లేదో తెలియదని రాశారు. తగ్గింది. ఎలుకల్లో మీరు చూడలేకపోయినది మాలో అయింది. రిపోర్టులు, ముక్కల స్లైడ్లు అడిగి తీసుకుని ఈ పార్సిల్లో పెట్టాను. లేబుళ్ళ మీద మా ఇద్దరి పేర్లు ఉన్నాయి.

ఇదే సంగతి ప్రసాద్ రెండుసార్లు డాక్టరు గారి చేత అడిగించాడు. మీ ఆరోగ్యాలు ఎట్లా ఉండాయి, మళ్ళా పరీక్షలు చేయించుకున్నారా అని. నెల్లూరు పోలేదని చెప్పాను. శీనమ్మ చేత కూడా అదే చెప్పించాను. ఇది మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

నాకు మీరు ఇక రాయవద్దు.

జెస్సీ